పుర్రచేత్తో కుట్టిన పన్నెండు షిల్లింగులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఎందుకంటే నేను చెప్పబోయేదాంట్లో సగం తప్పు ఆ కోపానిదే. మిగతా సగం పిరికితనానిది. దాని సంగతి దాని చోట చెప్తాను.

పూండి స్టేషన్లో దిగి తూర్పుకి పోతే, జీడితోటలూ కొబ్బరితోటలూ అయిపోయాక ఇసక మొదలవుతుంది. ఆ ఇసకలో ఉన్న ఊళ్లలో మాదొకటి. మా అయ్య సముద్రం మీద వేటకెళ్లే మనిషి. నేను చదువుకుని పక్క ఊళ్లో బడిపంతుల్నయ్యాను. తొంభైల చివరి మాట ఇది. మా వీధి మొత్తానికి నెల జీతం మనిషిని నేనొక్కణ్నే కావడంతో నాకు కాస్త పొగరుండేది. అది నాకు కనపడేది కాదు గానీ మా ఆవిడకి బాగానే కనపడేది. తను మా మేనమామ కూతురే. చిన్నప్పట్నుంచీ బావా అని పిలిచే నోరు, పెళ్లయ్యాక కూడా అదే పిలుపు, అదే వెటకారం.

పొగరుకి తోడు ఒక పిచ్చి కూడా పట్టుకుంది. కాశీబుగ్గ బజార్లో ఒకాయన చిన్న బల్ల వేసుకుని చిరిగిన నోట్లు తీసుకునేవాడు. తన కమీషను తను ఉంచుకుని మంచి నోట్లు ఇచ్చేవాడు. ఒకసారి ఆ బల్ల మీద పాత రెండు రూపాయల నోటు ఒకటి చూశాను. మధ్యకి చిరిగితే ఎవరో తపాలా బిళ్లల అంచు కాగితం, అదే ఆ జిగురుండే తెల్ల చీలిక, దాంతో వెనక అతికించారు. దాని పక్కనే ఇంకొకటి, అన్నం మెతుకుతో అతికించింది. మెతుకు ఎండిపోయి రాయిలా ఉంది. నాకెందుకో ఆ రెండూ తెగ నచ్చేశాయి. నోటు అచ్చువేసింది ప్రభుత్వం. అతికించింది మాత్రం ఎవరో ఒక మనిషి, వంటింట్లో కూర్చుని, నాలిక బయట పెట్టుకుని, జాగ్రత్తగా. ఆ మనిషి మీద ఎక్కడలేని ఇష్టం పుట్టింది. ఆ రెండు నోట్లూ నాకిచ్చెయ్యమంటే బల్ల ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మేస్టారూ, మీకు మంచి నోట్లు దొరకటం నేదేటి?" అన్నాడు.

అలా మొదలైంది. వారం వారం కాశీబుగ్గ వెళ్లడం, అతుకుల నోట్లు ఏరుకు రావడం. టేపు వేసినవి, మైదా జిగురు పూసినవి, సినిమా టికెట్టు ముక్క అడ్డం పెట్టి అతికించినవి. పాత అట్లాసు పేజీల మధ్య దాచేవాణ్ని. మా ఆవిడ అయితే ఊళ్లో వాళ్లందరికీ చెప్పేది. "మా బావకి జీతం సినిగిపోయిన నోట్లలో ఇత్తారు కావాల" అని. అందరూ పడీపడీ నవ్వేవారు. నేను పళ్లు నూరుకునేవాణ్ని.

ఒక సంవత్సరం విశాఖపట్నంలో పాత నాణేలవాళ్లు ప్రదర్శన పెడితే వెళ్లాను. అక్కడ ఒక మూల అమెరికాలో పాత నోట్లు సేకరించేవాళ్ల పత్రిక పాత సంచిక ఒకటి చవగ్గా దొరికింది. చివరి పేజీల్లో ఎవరెవరు ఏం సేకరిస్తారో, వాళ్ల చిరునామాలేమిటో వేశారు. అందులో ఒకాయన ఇలా రాసుకున్నాడు: స్వాతంత్ర్యం రాక ముందు నాటి అమెరికా కాగితం నోట్లు, చిరిగి ఎవరో కుట్టుకున్నవి మాత్రమే కావాలి, మంచివి పంపకండి. బస్సులో ఇది చదివి పైకే నవ్వేశాను. నాలాంటివాడు ఇంకొకడు భూమ్మీద ఉన్నాడంటే ఎంత హాయిగా అనిపించిందో! టెక్కలి వచ్చేసరికి ఉత్తరంలో మొదటి వాక్యం మనసులో రాసేసుకున్నాను.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా రాశాను. మెతుకు నోటు జెరాక్సు తీసి జతచేశాను. నెలన్నర తర్వాత జవాబొచ్చింది, నాలుగు పేజీలు, టైపు కొట్టి. ఉద్యోగం నుంచి దిగిపోయిన ముసలాయన. అన్నంతో నోటు అతికించొచ్చని తను ఎప్పుడూ అనుకోలేదనీ, ఆ రాత్రి తనూ అన్నం వండి ప్రయత్నించి చూశాననీ రాశాడు. అక్కణ్నుంచి ఇద్దరం ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నాం.

ఆ నోట్ల కథంతా నాకు ఆయనే నేర్పాడు. ఇంగ్లండు రాజు చెప్పుచేతల్లో ఉన్న రోజుల్లో అమెరికాలో వెండి నాణేలకి కరువట. రాజు సరిపడా పంపడు, వీళ్లని సొంతంగా నాణేలు కొట్టుకోనివ్వడు. అందుకని ఒక్కో వలస రాజ్యం తన కాగితం నోట్లు తనే అచ్చువేసుకుంది. ఒక్కో నోటు మీదా మనుషులు కూర్చుని కలంతో నంబరు వేసి సంతకాలు పెట్టేవారట. దొంగనోట్ల భయం జాస్తి. దానికి అక్కడి ప్రింటరు ఒకాయన భలే ఉపాయం కనిపెట్టాడు. నిజం ఆకునొకదాన్ని తీసుకుని, దాని అచ్చుని లోహంలో పోసి, ఆ ఆకు బొమ్మని నోటు వెనక వేశాడు. ఏ రెండాకుల ఈనెలూ ఒకలా ఉండవు కాబట్టి చేత్తో చెక్కి దొంగ అచ్చు చెయ్యడం కుదరదు. అది చాలదన్నట్టు, దొంగనోటు చేసినవాడికి చావే అని కొన్ని నోట్ల మీద అచ్చులో వేశారు. ఆ కాగితం చేతులు మారీ మారీ, మడతలు పడీ పడీ, మధ్యకి చిరిగిపోయేది. పారేస్తే నష్టం. అప్పుడు ఇంట్లో ఉన్న సూదీ దారం తీసి గుడ్డ కుట్టినట్టు నోటు కుట్టుకునేవాళ్లు. తర్వాత యుద్ధంలో నోట్లు కుప్పలుతెప్పలుగా అచ్చేసి వాటి విలువే పడిపోయిందట, అది వేరే కథ. ముసలాయనకి మాత్రం ఆ కుట్లు ఉంటే చాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి ఒక ఉత్తరంలో ఇలా రాశాడు. వేలంలో ఒక కట్ట కొన్నాను, అందులో కుట్టిన నోటొకటి ఉంది. నా కళ్లకి పొరలొచ్చాయి, ఆపరేషను చేయించుకోవాలి, ఇప్పుడు భూతద్దం పెట్టినా ఏమీ కనపడదు. ఈలోగా నీకు పంపుతాను, నువ్వు చూడు, ఏం కనపడిందో రాయి, చూసి తిప్పి పంపెయ్యి. ఆ సేకరించేవాళ్లలో అదొక పద్ధతట. ఒకరి నోటు ఇంకొకరికి చూడ్డానికి పంపుకోవడం. కాగితం లేదు, పూచీ లేదు. మాట మీదే. అది చదివి నేను ఎంత ఉప్పొంగిపోయానంటే, ఉత్తరం పట్టుకుని మా ఆవిడ వెనకాల వంటింటికీ పెరట్లోకీ తిరిగాను. నన్ను మనిషిగా లెక్కెట్టి, అంత దూరం నుంచి, ఎప్పుడూ మొహం చూడనివాడికి తన వస్తువు పంపుతున్నాడు మరి!

నోటొచ్చింది. పలాస పోస్టాఫీసులో సంతకం పెట్టి తీసుకున్నాను. న్యూజెర్సీ రాజ్యం వేసిన పన్నెండు షిల్లింగుల నోటు. నా అరచేతికంటే చిన్నది. పాత గుడ్డలు నానబెట్టి చేసిన కాగితం కాబట్టి మందంగా, మెత్తగా, పాత పంచె ముక్క పట్టుకున్నట్టుంది. వెనక ఆకు, ఈనెలన్నీ స్పష్టంగా. మా ఆవిడ చూసి వామాకులా ఉందంది. కింద చావు మాట. మధ్యలో నిలువునా చీలిక, దాని మీద గోధుమరంగు దారంతో మోటుగా పధ్నాలుగు కుట్లు. కింది చివర దారం కొంచెం ఊడి వేలాడుతోంది. ఆ రాత్రి దాన్ని పది మాట్లు తీసి చూసుంటాను.

పొద్దున్న అయ్యకి చూపించాను. అయ్య వరండాలో వల ముందేసుకుని కూర్చున్నాడు. అప్పటికి వేటకెళ్లడం తగ్గించాడు గానీ ఒడ్డు మీద వల బాగుచేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. వెదురు సూది ఆడుతుంటే చెయ్యి కనపడేది కాదు. నోటుని రెండు వేళ్లతో పట్టుకుని వెలుక్కి ఎత్తి చూశాడు.

"ఎవులదిరా ఇది?"

"ఆ అమెరికా ముసలాయనది. చూసి మళ్లీ పంపెయ్యాలి."

"ఇలగ సినిగిపోయుందేటి?"

"అదే దాని గొప్ప అయ్యా."

అయ్య నోటు నా చేతికిచ్చేశాడు. పెద్దమనిషి వస్తువు కాబట్టి మర్యాదకి అన్నాననుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది. నోటుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు అట్లాసు మీద పెట్టి, నేను టెక్కలి వెళ్లిపోయాను. మేస్టర్లకి అక్కడేదో శిక్షణ. పొద్దల్లా కునికిపాట్లు పడి సాయంత్రానికి తిరిగొచ్చాను.

ఇక్కడ మా ఒడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరి వలైనా సరే, చిరుగు కంటపడితే చూసినవాడు కూర్చుని కట్టెయ్యాలి. వల ఎవరిదని అడగరు. కట్టమంటావా అని అసలే అడగరు, అడిగితే ఎదుటివాడికి చేతకాదన్నట్టు. దారిన పోయేవాడు ఎవరి వల దగ్గరో అరగంట కూర్చుని, తెగిన నాలుగు వల కన్నులు కట్టి, లేచి ఇసక దులుపుకుని పోతాడు. వలగలవాడు థాంక్సులూ గీంక్సులూ చెప్పడు. ఇంటికొచ్చిన వలని చిరుగుతో తిప్పి పంపితే మాత్రం ఆ ఇంటిని ఊరు ఊరంతా ఆడిపోసుకుంటుంది. ఈ పద్ధతి నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ కవరుని అలా వదిలి వెళ్లాను చూశారా, అదీ నా తెలివి.

ఇంటికొచ్చి కవరు తెరిచాను. నోటు కొత్తగా ఉంది. చీలిక కనపడ్డం లేదు. నైలాను దారంలోంచి విడదీసిన సన్నటి పోగుతో, ఒకే బిగువున కుట్లు, అన్నీ ఒకే వాలుగా. వేలు పెట్టి రాస్తే తగల్లేదు. గోధుమరంగు దారం లేదు.

నోటు పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను.

"అయ్యా! ఎవరు చేశారిది?"

"నానే" అన్నాడు అయ్య వరండాలోంచి, సంబరంగా. "సూడు, ఎక్కడైనా ఏలు తగుల్తాదేమో. కొత్తగా ఒక్క సిల్లు పొడవనేదు. పాతవాట్లోంచే దారం నాగేను."

నేనేమన్నానో పూర్తిగా రాయను. రాయడానికి సిగ్గు. వలలు కుట్టుకునేవాడికి ఏం తెలుస్తుందన్నాను. కనపడ్డ ప్రతిదాన్నీ వలే అనుకుంటావా అన్నాను. రెండొందల ఏళ్లు నిలబడ్డదాన్ని ఒక్క పూటలో నాశనం చేశావన్నాను. నా పరువు పోయిందనీ, నమ్మి పంపిన మనిషికి ఏ మొహం పెట్టుకుని జవాబు రాయాలనీ వీధి వినపడేలా అరిచాను. అయ్య చేతిలో వెదురు సూది అలాగే ఆగిపోయింది.

"బాగునేదా?" అన్నాడు.

మా అయ్య నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆయన కట్టిన వల గురించి ఆయన ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. నాకు అప్పుడే నోరు మూతపడాల్సింది. పడలేదు, ఇంకో రెండు మాటలన్నాను.

మా ఆవిడే మధ్యలోకొచ్చింది. "మావా, నువ్వు రా, కూడు తిందువు గాని" అని అయ్యని లేపింది. నా వైపు తిరిగి, "దొంగనోటు సేత్తే గదా సావన్నావు, అతికితే కాదు గదా. ఆ కేకలాపి కూకో బావా" అంది. అయ్య లోపలికెళ్లాడు గానీ తినలేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. నేనూ తినలేదు. నాది కోపం, ఆయనది కోపం కాదు. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే అయ్య పిలిచాడు. అగ్గిపెట్టె ఒకటి తెరిచి చూపించాడు. అందులో పుల్లకి చుట్టి ఆ గోధుమరంగు దారం ఉంది. ఒడ్డు మీద దారం ఎవరూ పారెయ్యరు.

"కింద కొసన రవ్వంత తెగిపోనాది" అన్నాడు. "మిగిలిందంతా ఉంది. మల్ల ఎలగున్నాదో అలగ కుట్టేత్తాను."

"ఎలా ఉందో నీకెలా తెలుసు అయ్యా? విప్పేశావు కదా."

"ఇప్పిందెవులు? నానే గదా. సూడకండా ఇప్పుతానేటి?" అని, నోటు నా చేతిలో పెట్టి చిల్లులు చూపించాడు. "ఇది కుట్టినోడు పుర్రసెయ్యోడురా. మనం కుడితే కుట్టు అటు వాల్తాది. ఇది ఇటు వాలింది. పధ్నాలుగూ అంతే. మొదట గట్టిగా నాగేడు, పోనుపోను వదులైపోనాది. గుడ్డలు కుట్టే సెయ్యి, వల కుట్టే సెయ్యి కాదు. ఆడమనిషేమో కూడాను."

ఒక ముక్క చదవడం రాని మనిషి, రెండొందల ఏళ్ల నాటి మనిషిది ఎడమచేతివాటమని చెప్పాడు. నేను పది మాట్లు భూతద్దం పెట్టి చూసి, గోధుమరంగు దారం, పధ్నాలుగు కుట్లు అని పుస్తకంలో రాసుకున్నాను. అంతే నాకు కనపడింది. క్షమించమని అడగాల్సింది ఆ నిమిషంలోనే. "సరే, కుట్టు" అన్నాను.

ఆదివారం పొద్దున్న కూర్చున్నాడు. తన నైలాను పోగు విప్పేశాడు. పాత దారాన్ని నోట్లో తడిపి, సన్న సూదికి ఎక్కించి, సూదిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, కుడిచేత్తో ఎంత కుట్టినా ఆ వాలు రాదన్నాడు. జన్మలో ఎడంచేత్తో ఒక్క కన్ను కట్టిన మనిషి కాదు. ఒక్కో కుట్టుకీ ఆగి, చిల్లు వెతుక్కుని, ఊపిరి బిగబట్టి లాగేవాడు. మా ఆవిడ పక్కన కూర్చుని వెలుక్కి అడ్డం లేకుండా పిల్లల్ని తోలుతూనే ఉంది. పధ్నాలుగు కుట్లకి మధ్యాన్నమైంది. మొదటివి గట్టిగా, చివరివి వదులుగా, అచ్చం ముందెలా ఉండేదో అలాగే. కొసన ముందులా వేలాడదీయడానికి దారం చాలక ముడి వేసి ఆపాడు.

ఇప్పుడు నా పిరికితనం సంగతి. నోటుని పలాసలో రిజిస్టరు చేసి పంపుతూ ఉత్తరంలో ఏం రాశానంటే, భద్రంగా చూశాను, ధన్యవాదాలు, మీ కళ్లు త్వరగా బాగవ్వాలి. అంతే. జరిగింది రాస్తే ఆయన నన్ను ఇంకెప్పుడూ నమ్మడని భయం. ఎవరికీ తెలియదు కదా, ఉన్నది ఉన్నట్టే పంపాను కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ఒక ఏడాదిలో నాలుగు ఉత్తరాలు రాశాను. ప్రతిసారీ ఆ చోటికి రాగానే కలం పక్కకి తిప్పి మా వానల గురించీ జీడిపూత గురించీ రాసేవాణ్ని. ఆయన పాపం వాటికీ ఓపిగ్గా జవాబిచ్చేవాడు.

ఏడాది తిరిగాక ఒక కవరొచ్చింది. ముసలాయన ఉన్న పాత నోట్ల సంఘం నాలుగు పేజీల చిన్న పత్రిక వేసుకుంటుంది. దాని మొదటి పేజీలో ఆ నోటు వెనకవైపు బొమ్మ, పెద్దది చేసి. కింద ముసలాయన రాసిన వ్యాసం. కళ్ల ఆపరేషను బాగా జరిగిందట. మొదట చూసింది ఈ నోటేనట. కింది కొసనున్న ముడి చూసి కుర్చీలోంచి లేచిపోయాడట. అది ఇంట్లో ఆడవాళ్లు వేసే ముడి కాదు, చేపల వల కన్ను కట్టే ముడి. కాబట్టి ఈ నోటు కుట్టినవాడు న్యూజెర్సీ ఒడ్డున ఉండే జాలరి అయ్యుండాలి. ఇన్నాళ్లకి ఒక కుట్టు వెనకున్న మనిషి నాకు దొరికాడు అని రాసుకున్నాడు. ఎంత సంబరపడిపోయి రాశాడో చదువుతుంటే తెలుస్తోంది.

ఆ ముడి మా అయ్యది. ఎడంచేత్తో పధ్నాలుగు కుట్లు అవస్థపడి కుట్టాడు గానీ, ఆఖర్న చెయ్యి దాని దారిన అది పోయి, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ వేస్తున్న ముడి వేసేసింది. ఆయన చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ముసలాయన చూశాడు.

వెళ్లి అయ్యకి చెప్పాను. పత్రికలో బొమ్మ చూపించి, ఇదిగో నీ ముడి, దీన్ని చూసి ఆయన ఇలా అచ్చువేయించుకున్నాడు అని మొత్తం చదివాను. అయ్య ముందు అర్థంకానట్టు చూసి, తర్వాత పకపకా నవ్వాడు. "అబద్దమేటుందిరా అందల? సేపలోడే గదా కుట్టింది!" అన్నాడు. మా ఆవిడైతే కొంగు నోట్లో కుక్కుకుని గోడకి జారబడిపోయింది. "మా మావ అమెరికా పేపర్లోకెక్కేడు" అని సాయంత్రానికి ఊరంతా చాటింది. నాకూ నవ్వొచ్చింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఇదీ బాగానే ఉంది కదా, ముసలాయన సంతోషంగా ఉన్నాడు, అయ్య సంతోషంగా ఉన్నాడు, కదపడమెందుకు అనిపించింది. హాయిగా పడుకున్నాను.

తెల్లారి అయ్య టీ తాగుతూ, "ఒరే, మరి ఆ పుర్రసెయ్యోడు ఏటయ్యేడ్రా?" అన్నాడు.

"ఎవరు?"

"అదేరా, ముందు కుట్టినోడు. ఆడి కుట్టు మీద నా ముడెట్టి, నాదే అని రాసేసేరు గదా ఆళ్లు. ఒకడు కట్టిన వలని మనం కట్టేమని సెప్పుకుంతామేటి?"

నేను ఏదో అనబోయాను. పోయినవాళ్లకి ఏం తెలుస్తుంది, ఎవరికి నష్టం, ఇలాంటివేవో. అయ్య గ్లాసు కింద పెట్టాడు. "రాసియ్. నానే ఇప్పేను, నానే కుట్టేను, ముందు కుట్టింది పుర్రసెయ్యోడు అని రాసియ్. నా మీదెట్టే రాయి" అన్నాడు. తన మీద పెట్టమన్నాడు గానీ నేను దాచానని ఎత్తిపొడవలేదు. అది ఇంకా గుచ్చుకుంది.

రాశాను. మూడుసార్లు చింపి నాలుగోసారి రాశాను. కవరు వదిలి వెళ్లింది నేను, తెలియక విప్పింది మా అయ్య, తెలిసి దాచింది నేను. వల పద్ధతి రాశాను, అగ్గిపెట్టె సంగతి రాశాను, ఎడంచేత్తో కుట్టిన ఆదివారం రాశాను. ఆ ఉత్తరం పోస్టు చేశాక రెండు నెలలు నేను నేనుగా లేను. బళ్లో పిల్లల మీద ఊరికే కసురుకున్నాను. పోస్టుమాను సైకిలు బెల్లు వినపడితే గుమ్మంలోకి పరిగెత్తేవాణ్ని. అయ్య రెండు మూడు రోజులకోసారి, "ఏటన్నాడు?" అని అడిగేవాడు. ఇంకా ఏమీ అనలేదని చెప్పేవాణ్ని.

మూడో నెల్లో జవాబొచ్చింది. ఒకే కాగితం. ఈసారి టైపు కాదు, చేత్తో రాశాడు. వరండాలో అయ్య పక్కన కూర్చుని తెలుగులో చదివాను. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. నేను ఇన్నేళ్లుగా కుట్లు చూస్తున్నాను గానీ వాలు ఎటుందో చూడాలని నాకు తట్టలేదు. నీ ఉత్తరం అందాక నా దగ్గరున్న నోట్లన్నీ బల్ల మీద పరుచుకుని చూశాను. ఎడమచేత్తో కుట్టింది ఇంకొకటి దొరికింది. వచ్చే సంచికలో దిద్దుబాటు వేస్తున్నాను. ఈ నోటుని మొదట కుట్టింది పేరు తెలియని ఎడమచేతివాటం మనిషి. మళ్లీ అదే దారంతో, అవే చిల్లుల్లోంచి, ఎడమచేత్తోనే కుట్టింది భారతదేశంలో ఒక జాలరి. ఇద్దరి గురించీ వేస్తున్నాను.

అయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంకోటి దొరికినాదా!" అన్నాడు రెండుసార్లు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. నేను కాగితం మడతపెట్టబోయాను.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

"కింద ఇంకా శానా గీతలున్నాయి గదరా" అన్నాడు అయ్య.

ఇక తప్పలేదు. విప్పి చదివాను. మీ నాన్నగారు కుట్టు విప్పినందుకు నాకు కోపం లేదు. ఆయన మంచికే చేశాడు. కానీ ఆ తర్వాత నువ్వు నాకు నాలుగు ఉత్తరాలు రాశావు. వానల గురించి రాశావు, తోటల గురించి రాశావు, ఈ మాట రాయలేదు. నేను పదిమంది ముందు తప్పు అచ్చువేసుకునేదాకా ఊరుకున్నావు. ఇక మీదట నా నోటు ఏదీ నీకు పంపను. ఉత్తరాలు రాస్తే చదువుతాను.

తల ఎత్తలేకపోయాను. మా ఆవిడ ఏదో ఒక వెటకారం ఆడితే బాగుండును అనిపించింది.

"మొదటి ముక్క బాగుంది" అన్నాడు అయ్య. "ఆ కింద గీతల్లోది మరోపాలి సదువు. గబగబా కాదు, నిదానంగా."

చదివాను.